కర్రకు మనిషా? మనిషికి కర్రా?

పోయిన శీతకాలంలో మా అబ్బాయి దగ్గర, అమెరికాలోని ఫీనిక్సు నగరంలో, నాలుగు నెలలున్నాను. ఒకనాడు వాడు గోల్ఫు సామాన్ల దుకాణానికి తీసుకువెళ్ళాడు. పటర్ అనే కర్ర కొనుక్కోవాలట. అక్కడి కుర్రవాడు సరదాకు నన్నూ నిలబెట్టి, నేలనుంచి మణికట్టుదాకా టేపుతో కొలిచాడు. దర్జీ తప్ప మరొకరు నాకు కొలతలు తీయడం అదే మొదలు. ఆ కొలత వెనక కథ మన సభ్యులకు చెప్పాలనిపించింది. అందులో ముఖ్యులిద్దరూ మనలాంటి ఉద్యోగులే, పైగా ఒకే కంపెనీవారు.

గుంట దగ్గర నున్నగా కత్తిరించిన పచ్చికమీద బంతిని దొర్లించి గుంటలో వేసే కర్రను పటర్ అంటారు. 72 దెబ్బల ఆటలో 36 దెబ్బలు దీని లెక్కలోకే వస్తాయి. చూడ్డానికి పిల్లలాట. పేరుమోసినవారి పరువు తీసేదీ ఇదే.

న్యూయార్కు రాష్ట్రంలోని స్కెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఉద్యోగి ఆర్థర్ నైట్ గారికి మామూలు పటర్ కుదరలేదు. కాడను తల చివర కాక మధ్యకు దగ్గరగా బిగించి తనకొకటి చేసుకున్నారు. 1903లో పేటెంటు వచ్చింది. మరుసటేడు వాల్టర్ ట్రావిస్ ఇంగ్లండు వెళ్ళి ఆ రకం పటర్‌తోనే బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచారు. ఈయన ముప్పై అయిదో ఏట ఆట మొదలుపెట్టిన మనిషి! 1910లో బ్రిటన్‌లోని నియమాల పెద్దలు అటువంటి కర్ర చెల్లదన్నారు. అమెరికావారు ఒప్పుకోలేదు. ఆ పేచీ 1951లో గాని తీరలేదు.

రెండో ఆయన కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి పసితనంలోనే అమెరికా చేరారు. తండ్రి బూట్లు కుట్టేవారు. డబ్బులేక ఇంజనీరింగు చదువు ఆగిపోతే ఈయనా ఆ పనిలోనే కొన్నేళ్ళు గడిపారు. తరవాత ఇంజనీరై జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరారు. తోటి ఉద్యోగులు రమ్మంటే నలభై రెండో ఏట గోల్ఫు పట్టారు. పటర్ మాట వినలేదు. లోపం తనలో కాదు, కర్రలో వెతికారు. ఆయనమీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

కావడి బరువు రెండు చివర్లా ఉంటుంది కనుక చటుక్కున పక్కకు తిరగదు. పటర్ తలలోనూ బరువును రెండు చివరలకు పంచితే, బంతి మధ్యన తగలకపోయినా తల మెలితిరగదని ఆయన గ్రహించారు. 1959లో కాలిఫోర్నియాలో తన ఇంటి గ్యారేజీలో తయారుచేసిన పటర్ బంతికి తగిలితే 'పింగ్' మని మోగింది. అదే పేరయింది. 1966లో ఒక గ్రామఫోను రికార్డు కవరుమీద గీసిన నమూనా 'ఆన్సర్' పటర్ అయింది. 1967లో, మనం పెన్షను లెక్కలు వేసుకునే వయసులో, ఆయన ఉద్యోగం వదిలేశారు! 1969లో జార్జి ఆర్చర్ ఆ పటర్‌తోనే మాస్టర్స్ గెలిచారు. దూరం కొట్టే ఇనుపతల కర్రలకు ఆటగాడి కొలతను బట్టి వంపు మార్చి, రంగుచుక్కతో గుర్తు పెట్టే పద్ధతినీ ఆయన కంపెనీ తెచ్చింది. బూట్ల దుకాణంలో పెరిగినవాడికి కాలికి తగ్గ జోడు సంగతి ఒకరు చెప్పాలా? 2000లో కన్నుమూశారు.

దుకాణంలో కుర్రవాడు చూసింది ఇదీ. సహజంగా నిలబడితే కళ్ళు బంతికి పైగా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి పొడుగు తేలుతుంది. చాలామందికి 33 నుంచి 35 అంగుళాలు. తల అడుగుభాగం నేలకు సమంగా ఆనాలి. ముక్కు పైకి లేస్తే వంపు మార్చాలి. పచ్చికలో కాస్త దిగి కూచున్న బంతిని లేపడానికి ముఖానికి మూడు నాలుగు డిగ్రీల వాలు ఉంటుంది. కాడను వేలిమీద అడ్డంగా నిలిపితే కొన్నిటి ముఖం ఆకాశం చూస్తుంది, కొన్నిటి ముక్కు కిందికి వాలుతుంది. గీత గీసినట్టు కొట్టేవారికి మొదటిదీ, తలుపు తీసినట్టు తిప్పేవారికి రెండోదీ నప్పుతాయంటారు. చిన్నప్పుడు బిళ్ళంగోడు కర్రను చేతికి తగ్గట్టు నరుక్కున్న మనకు ఇది వింతేం కాదు.

నేను ముప్పై ఏళ్ళు పనిచేసిన వర్కుషాపులో వైసు బిగించిన బల్ల నాకు నాలుగంగుళాలు తక్కువ. ఎత్తించమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. బల్లను బట్టి నిలబడమన్నారు. నిలబడ్డాను. ఆ నడుంనొప్పి ఇప్పటికీ నాతోనే ఉంది.

కుర్రవాడు 35 అంగుళాల పటర్ చేతికిచ్చి, "వంగకండి, అదే మీ దగ్గరకొస్తుంది" అన్నాడు. మూడో బంతి గుంటలో పడింది. కొనిపెడతానన్నాడు మా అబ్బాయి. మన ఊళ్ళో ఆ పచ్చిక ఎక్కడుందిరా అన్నాను గాని, వద్దనలేదు.