రంగూన్ రేవు నుంచి అశోక్‌నగర్ హాస్టల్ దాకా: వలస మనిషిపై వ్యాధి నింద

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వద్ద పాస్‌పోర్టు చేతబట్టుకొని నిలుచున్న యువకులను చూస్తుంటాను. ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవారు అక్కడ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ టీకా మనిషినీ కాపాడుతుంది, అతడు తిరిగివచ్చే ఊరినీ కాపాడుతుంది. కాని వలసల చరిత్రలో వైద్య పరీక్ష అన్నివేళలా ఇంత న్యాయంగా లేదు.

1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో స్త్రీ పురుషులు, పిల్లలు కలిసి 342 మంది. 1911 వరకు అలా నటాల్ ప్రాంతానికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన భారతీయులు లక్షన్నరకు పైబడినవారు. వారిలో తమిళులతోపాటు మన తెలుగువారూ వేల సంఖ్యలో ఉన్నారు. ఓడ ఎక్కేముందు వైద్యుడు పరీక్షించేవాడు. ఓడలోనూ ఒక వైద్యుడు ఉండేవాడు. వలస ఓడల్లో ఆ వైద్యుడికి ప్రాణాలతో దిగిన తల ఒక్కింటికి ఇంత అని పారితోషికం ఇచ్చే పద్ధతి ఉండేది. అది కొన్ని ప్రాణాలను నిలిపి ఉండవచ్చు. అయితే పరీక్షలో తేలవలసింది ఒక్కటే: ఈ శరీరం ఐదేళ్ళు తోటలో పని చేయగలదా?

1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. ఆ డిసెంబరులో ‘కోర్లాండ్’, ‘నాదిరి’ అనే ఓడలు డర్బన్ చేరాయి. వాటిలో ప్లేగు రోగి ఒక్కరూ లేరు. అయినా మూడు వారాలకు పైగా ప్రయాణికులను దిగనివ్వలేదు. అదే సమయంలో ఒడ్డున తెల్లవారు భారతీయులను వెనక్కు పంపాలని సభలు జరుపుతున్నారు. 1897 జనవరి 13న దిగిన గాంధీజీపై మూక దాడి చేసింది. ఆ సంవత్సరమే నటాల్‌లో క్వారంటైన్ చట్టం, వలస నియంత్రణ చట్టం రెండూ వచ్చాయి.

అమెరికాలోని ఎల్లిస్ దీవిలోనూ ఇదే తీరు. అక్కడ వైద్యులు కనురెప్పలు తిరగేసి ట్రకోమా కోసం వెదికేవారు. అనుమానం కలిగితే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. మొదటి తరగతి ప్రయాణికులకు మాత్రం ఓడలోనే పైపై పరీక్ష సరిపోయేది. క్రిమికి టికెట్టు తరగతి తెలియదు, నిబంధనకు మాత్రం తెలుసు.

మన పెద్దలు ‘రంగం’ అని పిలిచిన రంగూన్ కథ మనకు మరీ దగ్గరిది. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది. 1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవారిలో, రిక్షాలు లాగినవారిలో తెలుగు కూలీలు ఎందరో. వారి బసలు కిక్కిరిసి ఉండేవి. 1930 మే నెలలో రేవు పని తగాదా అల్లర్లుగా మారి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు, అధికభాగం అడవులు, కొండల గుండా కాలినడకనే. దారిలో కలరా, రక్త విరేచనాలు, మలేరియా, ఆకలి వేలమందిని బలిగొన్నాయి. ఆ జబ్బులను వారు వెంట తెచ్చుకోలేదు. మంచినీరు, క్వినైన్, పిడికెడు అన్నం దొరకని దారే వాటిని అంటగట్టింది.

ఇదంతా గతించిన కథ అనుకోరాదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో పోటీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ఐదారుగురు చొప్పున ఉంటారు. కొన్నేళ్ళ క్రితం అలాంటి కుర్రవాడొకడు మూడు వారాల దగ్గుతో నా వద్దకు వచ్చాడు. పరీక్షలో క్షయ అని తేలింది. ఆ సాయంత్రమే హాస్టల్ వారు అతని పెట్టె బయట పెట్టారు. “ఊరికి వెళ్తే ఏమని చెప్పాలి సార్?” అన్నాడు. ఆరు నెలలు మందులు వాడి కోలుకున్నాడు. అయితే ఆ గదికి కిటికీ లేదన్న సంగతి నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. మందుచీటీ రాసిన నేను ఆనాడు గది గురించి అడగలేదు. ఆ గదిలోని మిగతా నలుగురినీ పరీక్షకు పిలిపించడంలో జరిగిన ఆలస్యం నాదే.

కనుక పాఠకులకు నా మనవి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. సరైన మందులు క్రమంగా వాడితే కొద్ది వారాల్లోనే చాలామందిలో ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. గల్ఫ్ వెళ్ళాలనుకునేవారు చికిత్స పత్రాలు, పాత ఎక్స్‌రేలు భద్రపరచుకోండి. మానిన క్షయ మచ్చ కనిపించినా అక్కడి నిబంధనల కింద ‘అన్‌ఫిట్’ అనే ప్రమాదం ఉంది. హాస్టల్ నడిపేవారు రోగిని వెళ్ళగొట్టే ముందు గదికి గాలి, వెలుతురు వచ్చే దారి చూడండి. పొరుగూరి నుంచి వచ్చినవాడు దగ్గినప్పుడు మన నోట మొదట రావలసిన మాట, “ఎక్కడుంటున్నావు బాబూ?” అన్నదే.