దూబగుంట తర్వాత ఓటు ఎటు పోయింది?

నెల్లూరు, మద్యం, ఎన్నికలు అనగానే అందరూ 1992 దగ్గర మొదలుపెడతారు. నేను ఇంకాస్త వెనక్కి, 1954కి వెళ్తాను. ఎందుకంటే "నీతి మాట్లాడితే ఓట్లు రాలతాయి" అనే నమ్మకాన్ని మన రాజకీయాల్లో మొదట పరీక్షకు పెట్టింది ఆ ఏడాదే.

మద్యనిషేధం ఆంధ్రకు మద్రాసు ఇచ్చిపోయిన ఆస్తి. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టాడు, 1948 నాటికి ప్రావిన్సంతా పాకింది. పైనుంచి దిగిన గాంధేయ నీతి అది. కింద చెట్టెక్కేవాడికి మాత్రం అన్నం పోవడం. 1953లో కొత్త రాష్ట్రం వచ్చాక ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది. ప్రకాశం ఒప్పుకోలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న తిరగబడ్డాడు, కమ్యూనిస్టులు కలిశారు, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు మొదటి మంత్రివర్గం కూలింది కల్లు మీద అన్నమాట. ఈ సంగతి స్కూల్లో ఎవరూ చెప్పరు.

దీన్ని బట్టి సంప్రదాయ నీతి ఓడిందనుకుంటాం. కానీ మూడు నెలలకే, 1955 ఎన్నికల్లో, కథ అడ్డం తిరిగింది. అదే లచ్చన్న పార్టీ కాంగ్రెసుతో కలిసి ఒకే ఫ్రంటుగా నిలబడింది. మతం, కుటుంబం, ఆస్తి ప్రమాదంలో ఉన్నాయన్న ప్రచారం కమ్యూనిస్టుల మీద గట్టిగా నడిచింది. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి, 196లో సీట్లు మాత్రం 15. ముఖ్యమంత్రి అయింది బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి, శాంతినికేతన్‌లో చదివి టాగూర్‌ను తెలుగు చేసిన మనిషి. ఎదురుగా ఉన్నది అలగానిపాడు సుందరయ్య. పేరులోంచి రెడ్డి తీసేసుకున్నవాడు, పిల్లలు వద్దనుకున్నవాడు. ఇద్దరూ కోవూరు ప్రాంతం వాళ్ళే, పెన్నకు ఇవతలి ఒడ్డు వాళ్ళే. ఒక ఊరి గాలి రెండు దిక్కులకు వీచినట్టుంటుంది నాకు. సెలిగ్ హారిసన్ 1956లో ఆ ఎన్నికను కమ్మ, రెడ్డి పోటీగా చదివాడు. కొంత నిజమే కావచ్చు. కానీ ఒక్కటైన ప్రత్యర్థుల ముందు 31 శాతం ఓట్లు ఎట్లా కరిగిపోతాయో లెక్క వేయడానికి కులం అక్కర్లేదు, ఎక్కాలు చాలు.

ఇప్పుడు 1992. ముందు ఒక విషయం తేలాలి. సారా వ్యతిరేక ఉద్యమం సాంప్రదాయవాదమా? నగరంలో కూర్చుని చూస్తే అట్లానే కనపడుతుంది. తాగొద్దు, ఇల్లు చూసుకో, తప్పు. కానీ ఊళ్ళో అడిగింది వేరు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. దాని వాచకంలో సీతమ్మ అనే పల్లెటూరి ఆడమనిషి కథ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడికి వెళ్ళి చదువుకున్నారు, తర్వాత తమ ఊళ్ళో సారా ఆపేశారు. వాళ్ళు చేసినదే మళ్ళీ ఇంకో వాచకంలో పాఠమైంది. అది చదివి పక్క ఊళ్ళు కదిలాయి. నా వృత్తి పరిభాషలో చెప్పాలంటే అవుట్‌పుట్టే మళ్ళీ ఇన్‌పుట్ అయింది. ఇంత అందమైన లూప్ నేనెప్పుడూ రాయలేదు, రాయలేనేమో కూడా.

వాళ్ళ లెక్క ఎంత సూటిదంటే, మొగుడి కూలి ఇంటికి రాకముందే సారా అంగడికి పోతోంది. ఆ సారా ప్యాకెట్ వచ్చింది వారుణి వాహిని అనే ప్రభుత్వ పథకంలో. ఆ పథకం పెట్టింది ఎన్టీఆర్. పాటలు జరగనీయకుండా ఆడవాళ్ళు కలెక్టరేట్ ముందు కూర్చుంటే వేలాలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. నిషేధించింది కోట్ల విజయభాస్కరరెడ్డి, అంటే కాంగ్రెసు.

దాంతో కాంగ్రెసుకు ఏం ఒరిగింది? 1994లో 294లో 26 సీట్లు. ఓట్లు దండుకున్నది ప్యాకెట్లు ఇచ్చిన ఎన్టీఆరే, సంపూర్ణ మద్యనిషేధం, రెండు రూపాయల బియ్యం హామీలతో. తెలుగుదేశానికి 216. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ సెప్టెంబరుకే కుర్చీ మారింది. 1996లో బియ్యం రెండు నుంచి మూడున్నర అయింది, 1997లో నిషేధం ఎత్తేశారు. పోనీ ఓటరు శిక్షించాడా అంటే, 1999లో అదే తెలుగుదేశానికి 180 సీట్లు.

బియ్యమా, మద్యమా, కాంగ్రెసు మీద విసుగా, 1994 గెలుపులో ఏది ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. రెండు మార్పులు ఒకే రిలీజులో వెళ్ళాక ఏది పనిచేసిందో చెప్పలేం కదా. ఐతే ఒకటి గమనించాలి. సారా నిషేధం మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. తిరిగి వచ్చింది విస్కీ, బ్రాందీ. పేదవాడు తాగే సరుకు తప్పుగానే ఉండిపోయింది, కాస్త డబ్బున్నవాడి సీసాకు లైసెన్సు దొరికింది. ఆడవాళ్ళు ఎత్తిన ప్రశ్నలోంచి కూలి జారిపోయి ఉత్త నీతి మిగిలింది. సాంప్రదాయవాదం ఎక్కడైనా ఉంటే అక్కడుంది, దూబగుంటలో కాదు.

2019లో దశలవారీ మద్యనిషేధం మాట మళ్ళీ వినిపించింది. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ఉమ్మడి నెల్లూరులో పదికి పది గెలిచింది. తర్వాత ప్రభుత్వమే అంగళ్ళు నడిపింది, ధరలు పెంచింది, పేరు తెలియని బ్రాండ్లు పెట్టింది. 2024లో తెలుగుదేశం చౌకగా, మంచి మద్యం ఇస్తామంది. అదే పదికి పది ఇటు వచ్చాయి. ఆ అక్టోబరు నుంచి క్వార్టర్ తొంభైతొమ్మిది రూపాయలు.