గేజ్ మారిన రోజులు

తమిళంలో చదువుకున్నవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

1992లో రైల్వే యూనిగేజ్ పథకం మొదలైంది. 1,000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్‌ను 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌గా మార్చాలి. మన కాట్పాడిలో ఆ రెండు గేజ్‌లూ కలిసేవి. పట్టాలు ఇంజినీరింగ్‌వాళ్లవి, సిగ్నళ్లు ఇంకొకరివి, బండ్లు ఎప్పుడు ఆపాలో ఆపరేటింగ్‌వాళ్లు చెప్పాలి. ఒక డిపార్ట్‌మెంట్ తేదీ తప్పితే అందరి తేదీలూ తప్పినట్టే. అందుకే లైను ఎన్నాళ్లు మూయాలో ముందే కూర్చుని తేల్చుకునేవాళ్లు. అది మంచి పద్ధతే.

స్లీపర్లు, కంకర, గర్డర్లు అన్నీ లెక్కకట్టారు. మరి ఒక గేజ్ వ్యాగన్‌లోంచి ఇంకో గేజ్ వ్యాగన్‌లోకి మూటలు మోసి బతికినవాళ్లు? గేజ్ ఒకటైతే వాళ్లకు పనే లేదు. నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకు సిబ్బంది ఫైలు అన్నిటికన్నా చివర వచ్చింది. జాబితా రాసింది నేనే. కాంట్రాక్టు కూలీలకు అందులో కాలమే లేదు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉండేవాళ్లు.