పాదువా పట్టము

తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము నందిన మొదటి స్త్రీ ఎవరన్న ప్రశ్నకు చరిత్రకారులు చెప్పు సమాధానము ఎలీనా లుక్రెట్సియా కొర్నారో పిస్కోపియా. ఆమె వెనిస్ నగరపు కన్య. 1678 జూన్ 25వ తేదీన ఇటలీదేశమందలి పాదువా విశ్వవిద్యాలయము ఆమెకు ఈ పట్టము నొసగెను. స్త్రీవిద్యను గూర్చి ప్రసంగించువారు ఈ దినమును తఱచుగా ఉదాహరింతురు, ఉదాహరింపదగినదే. కాని ఈ కథను చెప్పువారు సామాన్యముగా రెండు సంగతులను విడిచిపెట్టుదురు. ఆమెకై మొదట కోరబడిన పట్టము ఇది కాదు. ఆమెకు తెఱచిన తలుపును ఆ విద్యాపీఠము ఆమె వెనుకనే మూసివైచెను. ఈ రెండు సంగతులు లేకపోయినచో తక్కినది ఉత్సవవర్ణన మాత్రమే యగును.

మొదట పట్టమన నేమో చూతము. మన యూళ్లలో పేరునకు ముందు డాక్టరని వ్రాసికొన్నవారి గుమ్మమునకు జ్వరముతో వచ్చువారు కలరు. పాపము, ఆయన తర్కపండితుడో చరిత్రపండితుడో యై యుండును! లాటిన్ భాషలో ఆ మాటకు బోధించువాడని యర్థము. మధ్యయుగపు యూరపు విద్యాపీఠములలో డాక్టరు పట్టమనగా బోధించుటకు ఒసగిన అధికారమే. ఏండ్ల తరబడి పరిశోధన చేసి గ్రంథమంతటి వ్యాసమును సమర్పించు పద్ధతి నాటిది కాదు. అది పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ విశ్వవిద్యాలయములలో బలపడి తక్కిన దేశములకు వ్యాపించినది. పాదువాలో నాటి పరీక్ష మన పండితసభలలోని శాస్త్రచర్చకు దగ్గఱగా నుండెను. ప్రమాణగ్రంథములనుండి రెండు ఘట్టములను యాదృచ్ఛికముగా నిర్ణయింతురు. అభ్యర్థి వానిని విద్వాంసుల యెదుట లాటిన్ భాషలో వ్యాఖ్యానింపవలెను. పిదప పరీక్షకులు రహస్యముగా తమ యభిప్రాయమును తెలుపుదురు. అనుకూలమైనచో గ్రంథమును, ఉంగరమును, తక్కిన చిహ్నములను ఇత్తురు.

ఎలీనా 1646 జూన్ 5వ తేదీన జన్మించెను. తండ్రి జియోవన్ని బట్టిస్టా కొర్నారో వెనిస్ ప్రభుత్వమున మిక్కిలి యున్నతపదవి నందినవాడు. ఆ వంశము సైప్రస్ ద్వీపమునకు ఒక రాణిని సైతము ఇచ్చినది. పిస్కోపియా యన్న పేరు ఆ ద్వీపమందలి వారి జాగీరునుండి వచ్చినదే. తల్లి జనెట్టా బోని మాత్రము పల్లెటూరి పేదకుటుంబపు స్త్రీ. ఎలీనా పుట్టునాటికి వీరికి వివాహము కాలేదు, 1654లో నయ్యెను. వెనిస్ ప్రభువంశములకు ఒక బంగారు పుస్తకముండెడిది. అందు పేరు చేరినవారికే రాజ్యాధికారములు. వివాహమునకు పూర్వము పుట్టిన కుమారులకు ఆ పుస్తకమున తావు లేదనిరి. తండ్రి పలుమాఱు విన్నవించి, తుదకు పెద్దమొత్తము చెల్లించి వారి పేర్లను చేర్పించెను.

ఈ కుటుంబవృత్తాంతము మన విషయమునకు దూరమైనది కాదు. కులగౌరవమునకు లోటు వచ్చిన యింట అద్భుతపాండిత్యము గల కుమార్తె ఎంత విలువైన సొత్తో ఆ తండ్రి యెఱిగియుండెనని తలచుట అన్యాయము కాబోదు. ఆమె యేడవయేట నొక మతాచార్యుడు ఆమె తెలివిని కనిపెట్టి లాటిన్, గ్రీకు భాషలను నేర్పింప బ్రోత్సహించెను. పిమ్మట హెబ్రూ, స్పానిష్, ఫ్రెంచి, అరబ్బీ భాషలును వచ్చినవి. గణితము, ఖగోళశాస్త్రము, సంగీతము అభ్యసించెను. 1669లో ఒక స్పానిష్ భక్తిగ్రంథమును ఇటలీభాషలోనికి అనువదించి ప్రకటించెను. వెనిస్‌కు వచ్చిన పరదేశపు పెద్దలు ఈ కన్యను చూడగోరుచుండిరి. తండ్రి చూపించుచుండెను.

బిడ్డ మనస్సు వేఱొక దిక్కున నుండెను. పదునొకండవ యేటనే ఆమె రహస్యముగా బ్రహ్మచర్యవ్రతము పూనెను. వచ్చిన సంబంధములను కాదని 1665లో బెనెడిక్టు మతసంఘమున గృహస్థశిష్యురాలుగా జేరెను. మఠమునకు పోలేదు; ఇంటనే యుండి విలువైన వస్త్రముల క్రింద సన్న్యాసినీవస్త్రమును ధరించెడిది. చదువును విడువలేదు, వివాహమునకు ఒప్పుకొనలేదు, తండ్రిని ధిక్కరింపను లేదు. ఈ మూటిని కలిపి నడచుటకు ఆమె కనుగొన్న మార్గమిది. ఆ కాలమున యూరపుదేశమందైనను గొప్పయింటి యాడుబిడ్డకు పెండ్లి, మఠము తప్ప మూడవ త్రోవ యుండెడిది కాదు గదా!

పాదువాలో తత్త్వశాస్త్రాచార్యుడైన కార్లో రినాల్దీని ఆమెకు గురువు. దైవశాస్త్రమున ఫెలీచే రొతోండి గురువు. ఎలీనాకు దైవశాస్త్రమున డాక్టరు పట్టమీయవలెనని రొతోండి విద్యాపీఠమును కోరెను. పాదువా బిషప్పైన కార్డినలు గ్రెగోరియో బార్బరీగో దీనిని ఖండితముగా నిరాకరించెను. బిషప్పే విద్యాపీఠమునకు ఛాన్సలరు గనుక ఆయన ఒప్పనిదే పట్టము లేదు. ఈ బార్బరీగో మూఢుడని చదువరులు తలంపరాదు. పాదువాలోని మతవిద్యాలయమును సంస్కరించి, ప్రాచ్యభాషల బోధనకు ప్రోత్సాహమిచ్చి, ముద్రణాలయమును నెలకొల్పినవాడు. 1960లో రోమను మతసంఘము ఆయనను సిద్ధపురుషుల పట్టికలో జేర్చినది. ఇట్టి విద్యాభిమానికి అడ్డు తగిలినది స్త్రీకి పాండిత్యము కలుగునా యన్న సందేహము కాదు. పట్టమన బోధనాధికారము. దైవశాస్త్రపట్టమనగా మతసంఘమున బోధించు నధికారము. స్త్రీ సంఘమున బోధింపరాదని వారి శాస్త్రము. ఆమె యెంత నేర్చినను పరవాలేదు. నేర్చినదానిని చెప్పుటకు హక్కు కలుగరాదు. అడ్డుగోడ చదువునకు కాదు, అధికారమునకు కట్టబడినది. మన దేశమున వేదాధికారమును గూర్చి జరిగిన వాదములను విన్నవారికి ఈ భేదమును వివరింప నక్కఱలేదు.

తుదకు రాజీ కుదిరినది. దైవశాస్త్రమునకు బదులు తత్త్వశాస్త్రమున పరీక్షింతురు. అరిస్టాటిలును వ్యాఖ్యానించుటవలన మతపీఠమునకు భంగము లేదు. ఇట్లు నేడు మనము ఘనముగా చెప్పుకొను ఆ తొలిపట్టము బేరమున తగ్గించి యిచ్చినదే.

పరీక్ష విద్యాపీఠమునందే జరుగవలసియుండెను. వచ్చిన జనమునకు అచట చోటు చాలక దానిని పాదువా ప్రధానదేవాలయమునకు మార్చిరి. ఆచార్యులు, విద్యార్థులు, వెనిస్ సభాసభ్యులు, ఇతర నగరముల పండితులు వచ్చి నిండిరి. అరిస్టాటిలు గ్రంథములలో జ్ఞానప్రమాణములను విచారించు తర్కగ్రంథమునుండి యొకటి, ప్రకృతిశాస్త్రమునుండి యొకటి ఘట్టములు పడినవి. ముప్పదిరెండేండ్ల యెలీనా సుమారు గంటసేపు లాటిన్ భాషలో ప్రసంగించెను. పరీక్షకులు రహస్యాభిప్రాయముల నియమమును ప్రక్కకు నెట్టి, జయధ్వానముతో ఆమెను డాక్టరుగా నంగీకరించిరి. రినాల్దీని ఆమెకు గ్రంథము నందించి, వ్రేలికి ఉంగరము తొడిగి, భుజములపై ఉన్నితోలు ఉత్తరీయము కప్పి, శిరస్సుపై ఆకుల కిరీటము నుంచెను.

ఆ పిమ్మట ఆమె బ్రదికినది ఆఱు సంవత్సరములు. భక్తియందును, పేదలకు జేయు నుపచారములందును, పుస్తకములందును కాలము గడపి, వ్యాధిగ్రస్తయై 1684 జూలై 26వ తేదీన పాదువాలో మరణించెను. మఱుసటి యేడు విద్యాపీఠము ఆమె పేర నొక పతకము ముద్రించెను. 1688లో ఆమె రచనలు పార్మా నగరమున అచ్చయ్యెను. పాదువా విద్యాపీఠపు మెట్ల చెంత నామె విగ్రహమున్నది.

విగ్రహము సరియే, రెండవ స్త్రీ యేమయ్యెను? పాదువాలోనే వైద్యాచార్యుడైన షార్ల్ పతాన్ తన కుమార్తెకును ఇట్టి పరీక్ష నీయుమని కోరినాడు. ఆమెయు విద్వాంసురాలే. విద్యాపీఠపు పెద్దలు ఇక స్త్రీలను పట్టమునకు అంగీకరింపరాదని నిర్ణయించిరి. ఎలీనాకు వేసిన కిరీటము ఇతరులకు దారి కాలేదు. పైగా అపురూపమైన యొకతెను గౌరవించితిమి గనుక తక్కినవారి మాట విననక్కఱలేదన్న ధైర్యమును ఇచ్చినది. మన సభలలోను గార్గి పేరు, మైత్రేయి పేరు ఎత్తి చప్పట్లు కొట్టినవారే ఇంటికి పోయి, కూతురి చదువు నాలుగవ తరగతితో చాలించిన కాలముండెను. మహనీయురాలిని అపవాదముగా పూజించుట సులభము. ఆ పూజకు ఖర్చు లేదు.

తరువాత తత్త్వశాస్త్రపట్టమునకు పేరుగన్న స్త్రీ బొలోన్యాకు చెందిన లౌరా బస్సి. 1732లో ఆమె నలువదితొమ్మిది సిద్ధాంతములను బహిరంగసభలో సమర్థించి పట్టము నందెను. ఆ నగరము ఆమెకు ఆచార్యపదవిని, వేతనమును గూడ నిచ్చెను. ఐనను నగరసభ పిలిచినప్పుడు మాత్రమే విద్యాపీఠమున ప్రసంగింపవలెనని నిబంధన. ఆమె దీనికి తల యొగ్గి యూరకుండలేదు. 1738లో జుసెప్పె వెరాత్తి యను పండితుని వివాహమాడి, తన యింటనే ప్రయోగశాల నమర్చి పాఠములు చెప్పెను. బిడ్డలను కనుచు పెంచుచు నూతన భౌతికశాస్త్రమును బోధించిన ఈమెకు 1776లో ప్రయోగభౌతికశాస్త్రపీఠమే లభించినది. నా దృష్టిలో కిరీటముకంటె ఈ యింటిబడి ఘనమైనది. జర్మనీలో 1787లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయము డొరొతేయా ష్లోట్సర్ అను పదునేడేండ్ల బాలికకు తత్త్వశాస్త్ర డాక్టరు పట్టమిచ్చెను. ఆమెయు ఆచార్యుని కూతురే. తండ్రి పట్టుదలతో చదివించిన బిడ్డయే. అట్టి తండ్రి లేని బిడ్డల ప్రసక్తి ఆ కాలపు చరిత్రలో రాదు.

పాదువా పరీక్షకు సరిగా రెండువందల యేండ్లు నిండిన 1878లో మన దేశమున కాదంబినీ బసు కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. ఆ యేడే అమెరికాలో క్రిస్టీన్ లాడ్ అను నామె జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున పైచదువునకు జేరెను. ఆ విద్యాలయము స్త్రీలను చేర్చుకొనదు. సిల్వెస్టరు అను గణితాచార్యుడు ఆమె వ్యాసములను ముందే చదివియుండుటచే పట్టుబట్టి చేర్పించెను. విద్యార్థివేతన మిచ్చిరి గాని, తక్కిన వేతనగ్రహీతల పేర్లతోబాటు ఆమె పేరును అచ్చువేయలేదు.

ఆమె చార్లెస్ పర్స్ వద్ద తర్కశాస్త్రమున పరిశోధన చేసెను. ఆమె కనుగొన్నదానిని మన న్యాయశాస్త్రపు పాతయుదాహరణముతో చెప్పవచ్చును. పొగ యున్నచోట నెల్ల నిప్పుండును. ఈ కొండపై పొగ యున్నది. ఈ కొండపై నిప్పు లేదు. ఈ మూడు వాక్యములు కలిసి సత్యములు కాజాలవు. ఏ రెంటిని ఒప్పుకొన్నను మూడవది తప్పవలసినదే. అరిస్టాటిలు కాలమునుండి విద్యార్థులు వల్లించుచు వచ్చిన అనుమానభేదములన్నిటి సాధుత్వమును ఈ యొక్క సూత్రముతో పరీక్షింపవచ్చునని ఆమె చూపెను. ఈ వ్యాసము 1883లో పర్స్ ప్రకటించిన సంపుటమున వెలువడెను. పట్టమునకు వలసినదంతయు 1882 నాటికే ముగిసినది. పట్టము మాత్రమీయలేదు.

లాడ్ మొదట చదివినది వాస్సర్ అను స్త్రీల కళాశాలలో. ఆ కళాశాల గ్రంథాలయమున 1906లో రంగుటద్దముల పెద్ద కిటికీ యొకటి అమర్చిరి. దానిపై చిత్రింపబడినది పాదువా దేవాలయమున పండితుల నడుమ నిలిచి పరీక్ష నిచ్చుచున్న యెలీనా. ఆ యద్దములలో వెలుగు ప్రసరించునాటికి ఆ కళాశాలలోనే చదివిన లాడ్ తన పరీక్ష ముగించి యిరువదినాలుగేండ్లు గడచినవి, పట్టము రాలేదు. 1926లో తన స్వర్ణోత్సవసమయమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము ఆమెకు దానిని ఇచ్చెను. అప్పటికి ఆమె వయస్సు డెబ్బదియెనిమిది.

మేరీ విటన్ కాల్కిన్స్ కథ ఇంకొక తీరు. ఈమె వెల్లెస్లీ స్త్రీకళాశాలలో అధ్యాపకురాలు. హార్వర్డు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము, మనశ్శాస్త్రము చదువుటకు 1890లో అనుమతి కోరగా, అధ్యక్షుడు ముందు నిరాకరించి పిదప అతిథిగా కూర్చుండవచ్చుననెను. విలియం జేమ్స్ తరగతిలో తక్కిన విద్యార్థులు ఒక్కొక్కరే మానుకొనగా, గురువును ఈమెయు మాత్రమే మిగిలి ఆయన గ్రంథమును చర్చించుకొనిరి. 1895లో జేమ్స్, రాయిస్, మున్‌స్టర్‌బర్గ్ మొదలైన ఆచార్యులు ఆమెను పరీక్షించి, పట్టమునకు సంపూర్ణముగా నర్హురాలని వ్రాసి యిచ్చిరి. విద్యాలయపాలకులు స్త్రీ యన్న యొక్క కారణముచేత కాదనిరి.

1902లో ఆమెకొక రాజీ చూపిరి. హార్వర్డు చెంత స్త్రీలకై ఏర్పడిన రాడ్‌క్లిఫ్ కళాశాల పేర డాక్టరు పట్టము తీసికొమ్మనిరి. తాను చదివినది, పరీక్ష నిచ్చినది హార్వర్డులో. రాడ్‌క్లిఫ్ పట్టమును గ్రహించినచో స్త్రీలకు వేఱు పట్టము చాలునన్న వాదమును తానే యొప్పినట్లగునని ఆమె దానిని త్రోసిపుచ్చెను. దీనివలన ఆమె కోల్పోయినదేమి? 1905లో అమెరికా మనశ్శాస్త్రసంఘమునకు, 1918లో అమెరికా తత్త్వశాస్త్రసంఘమునకు అధ్యక్షురాలయ్యెను. రెండు సంఘములకును మొదటి స్త్రీ అధ్యక్షురాలు ఆమెయే. 1930లో పట్టము లేకయే మరణించెను. హార్వర్డు తన సొంతపేరున స్త్రీలకు డాక్టరు పట్టము లిచ్చుట 1963లో మొదలైనది. కాల్కిన్స్‌కు మరణానంతరమైనను పట్టమీయుడని కోరుచు పంపిన విజ్ఞప్తులను ఆ విశ్వవిద్యాలయము అంగీకరింపలేదు.