వియత్నాం యుద్ధం: డెమొక్రాటిక్ పార్టీలో అసమ్మతి

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వియత్నాంలో సాగించిన యుద్ధాన్ని ఆయన సొంత డెమొక్రాటిక్ పార్టీ సెనేటర్లే 1964 నుంచి 1968 దాకా సభలోను, బయట ఎన్నికల్లోను నిలదీశారు. అధికారంలో ఉన్న అధ్యక్షుడు చివరకు పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ యుద్ధనౌకలపై ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందని జాన్సన్ ప్రకటించాడు. రెండో దాడి జరగనేలేదని తర్వాత తేలింది. వియత్నాంలో సైనిక చర్యకు ఆయనకు విస్తృతాధికారమిచ్చే తీర్మానం ఆగస్టు 7న ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2 ఓట్లతో నెగ్గింది. కాదన్న ఆ ఇద్దరూ డెమొక్రాట్లే: ఒరెగాన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కిచ్చిందని, దాన్ని ఒక్క మనిషి చేతిలో పెట్టడం తగదని మోర్స్ వాదించాడు.

నాలుగు గోడల మధ్య హెచ్చరించినవారూ ఉన్నారు. సెనేట్ మెజారిటీ నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ యుద్ధాన్ని పెంచవద్దంటూ అధ్యక్షుడికి పదేపదే లేఖలు రాశాడు. ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ 1965 ఫిబ్రవరిలో అలాంటి లేఖే రాస్తే, చాలాకాలం ఆయన్ను వియత్నాం చర్చలకు పిలవడమే మానేశారు. ఈ లేఖలు సైన్యం తరలింపును ఆపలేకపోయాయి.

ప్రజల్లో చర్చ రగిలించింది మాత్రం విలియం ఫుల్‌బ్రైట్. ఆర్కన్సాకు చెందిన ఈ సెనేటర్ జాన్సన్‌కు మిత్రుడు. టోంకిన్ తీర్మానాన్ని సెనేట్‌లో దగ్గరుండి నెగ్గించింది ఆయనే. ఆ పని చేసినందుకు తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. 1966 ఫిబ్రవరిలో, సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ అధ్యక్షుడిగా ఆయన జరిపిన విచారణలను టీవీలో దేశమంతా చూసింది. కమ్యూనిజాన్ని కట్టడి చేసే విధానానికి ఆద్యుడైన జార్జ్ కెన్నన్ స్వయంగా వచ్చి ఈ యుద్ధం అమెరికాకు అనవసరమని చెప్పాడు. ఆ మాట విన్నాక, యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్లంతా కుర్రకారు, తీవ్రవాదులేనని కొట్టిపారేయడం కష్టమైంది. అసమ్మతి చరిత్రలో అసలు మలుపు ఇదే.

1967 నవంబరు 30న మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెకార్తీ పార్టీ అభ్యర్థిత్వం కోసం జాన్సన్‌పై పోటీకి దిగాడు. రెండు నెలలకు వియత్నాం కొత్త సంవత్సర పండుగ టెట్ వేళ కమ్యూనిస్టు సేనలు జరిపిన దాడులు, గెలుపు దగ్గరపడిందన్న ప్రభుత్వ మాటలను వమ్ము చేశాయి. 1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో మెకార్తీకి దాదాపు 42 శాతం ఓట్లొచ్చాయి. జాన్సన్‌కు 49 శాతం వచ్చినా, పదవిలో ఉన్నవాడికి అది ఓటమితో సమానమే. నాలుగు రోజులకు న్యూయార్క్ సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ కూడా బరిలోకి వచ్చాడు. మార్చి 31న జాన్సన్ తాను పోటీ చేయనని ప్రకటించాడు.

జూన్‌లో కెన్నెడీ హత్యకు గురయ్యాడు. ఆగస్టులో షికాగోలో జరిగిన పార్టీ మహాసభలో శాంతివాదుల తీర్మానం వీగిపోయింది. అభ్యర్థిగా నిలిచిన హంఫ్రీ నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ చేతిలో ఓడాడు. మోర్స్, గ్రూనింగ్ కూడా అదే ఏడాది తమ స్థానాలు పోగొట్టుకున్నారు. అందరికంటే ముందు నిజం పలికిన ఆ ఇద్దరికీ దక్కాల్సిన గౌరవం చరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ తక్కువే.

టోంకిన్ తీర్మానం 1971 జనవరిలో రద్దయింది. 1973 నవంబరులో నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ యుద్ధాధికారాల చట్టం తెచ్చింది. సైన్యాన్ని పోరులోకి దించితే అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలనీ, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆ పోరు ఆపాలనీ అది నిర్దేశించింది.