దవడ కణితియు, సుబ్బారావుగారి మందును

పిల్లల తల, మెడ భాగములందు క్యాన్సరు అరుదుగా వచ్చును. అరుదైన వ్యాధిని గుర్తించుట కష్టము. గుర్తించినను దానికి మందు దొరకుట మరింత కష్టము. ఈ రెండు గండములను దాటిన వ్యాధి ఒకటి కలదు. దాని చరిత్రలో ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషికి ముఖ్యమైన స్థానమున్నది.

1957లో ఉగాండాలోని కంపాలా నగరమున, ములాగో ఆసుపత్రిలో, డెనిస్ బర్కిట్ అను ఐర్లండు శస్త్రవైద్యుడు ఒక బాలుని పరీక్షించెను. వాని పై దవడయు, క్రింది దవడయు ఇరుప్రక్కల వాచియుండెను. కొంతకాలమునకే మరియొక ఊరిలో అట్టి వాపే గల బిడ్డ కంటబడెను. బర్కిట్ పాత రికార్డులు తిరుగవేసి, 38 మంది పిల్లల వివరములను 1958లో ప్రకటించెను. ఆ వ్యాధికే నేడు బర్కిట్ లింఫోమా అని పేరు. కత్తితో కోసినంత మాత్రమున అది నయము కాదు. కిరణచికిత్సకు ఉగాండాలో అప్పుడు యంత్రము లేదు. ఇక మిగిలినది మందొక్కటే.

ఆ మందు పుట్టుక కొరకు అమెరికాకు వెళ్ళవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుండి అచ్చట లెడర్లే పరిశోధనాలయమున పనిచేసెను. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఇది రక్తము వృద్ధియగుటకు తోడ్పడును. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఇట్టి పదార్థములను రక్తక్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు బదులు పెరిగెను. అట్లయిన, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన పదార్థము వ్యాధిని అణచవలెను గదా! సుబ్బారావు బృందము అట్టి విరోధులను తయారుచేసి పంపెను. వానిలో ఒకటి 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా గుణమిచ్చినదని ఫార్బర్ 1948లో ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు మరణించెను.

ఆ జాతిదే మెథోట్రెక్సేటు. కణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఈ మందు దానిని పోలియుండి, తాళములో దూరి తిరుగని మారు తాళపుచెవివలె పనిని ఆపివేయును. బర్కిట్ కణితి కణములు అతివేగముగా చీలును. కనుకనే దెబ్బయు వానికే గట్టిగా తగులును. ఈ మందుతో జరిగిన చికిత్సను బర్కిట్, అమెరికా వైద్యులతో కలిసి, 1963లో వెల్లడించెను. కొందరి వాపులు కొలది మోతాదులకే కరగిపోయెను. కొందరిలో మరల తలయెత్తెను.

నేడు పలు మందులు కలిపి ఇచ్చుటచే, వసతులు గల ఆసుపత్రులలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో పెక్కుమంది కోలుకొనుచున్నారు. పిల్లల మెడలోని బిళ్ళలు చాలవరకు క్యాన్సరు కావు. అయినను వాపు తగ్గక పెరుగుచున్నను, కారణము లేక పళ్ళు కదలుచున్నను, ఉపాధ్యాయులు తల్లిదండ్రులను హెచ్చరించి, బిడ్డను వెంటనే వైద్యునికి చూపింపవలెను. మందు ఉన్నది, బిడ్డ సకాలమున చేరవలెను.