మొక్కు లేని ప్రయాణం

"అక్కడ ఏ దేవుడున్నాడమ్మా?"

మా అత్తయ్యగారు అడిగిన ప్రశ్న ఇది. ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం, ముక్కు కొసకు జారిన కళ్ళజోడు. నేనూ, మా పెద్దాడపడుచు వదినా భోజనాల బల్ల మీద హిమాలయాల పటం పరుచుకుని, వచ్చే ఆగస్టులో 'పూలలోయ'కు వెళ్ళడానికి లెక్కలు కడుతున్నాం. వీపున సంచి తగిలించుకుని, కాలినడకన, తీరుబాటుగా.

"బదరీనాథుడు అత్తయ్యా" అంటే సరిపోయేది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. జోషీమఠ్ దాటాక బదరీ వెళ్ళే రోడ్డు మీదే గోవింద్‌ఘాట్ దగ్గర దిగాలి. ఆ ఒక్క మాట అని ఉంటే ఆవిడ ముడుపు కట్టి ఇచ్చేవారు, మావారు మారుమాట లేకుండా టిక్కెట్లు తెచ్చేవారు. కానీ ఎందుకో నోరు రాలేదు.

మా అమ్మమ్మ జన్మలో చేసిన ప్రయాణాలన్నీ లెక్కపెట్టి చూశాను. పురుళ్ళు, పెళ్ళిళ్ళు, పరామర్శలు, పుష్కరాలు. ఊరికే చూసి రావడానికి వెళ్ళిన ఊరు ఒక్కటంటే ఒక్కటి లేదు! మీ ఇళ్ళలో మాత్రం వేరుగా ఉందంటారా? అంతెందుకు, భారతంలో సౌగంధికం కథ చూడండి. గాలికి కొట్టుకొచ్చిన పువ్వును చూసి ముచ్చటపడింది ద్రౌపది. అలాంటివి మరికొన్ని కావాలని అడిగింది ద్రౌపది. ఆ పూల కోసం కొండలెక్కి వెళ్ళింది మాత్రం భీముడు! పాపం, అంత దూరం అడవుల్లో నడిచి వచ్చిన మనిషి, ఆ నాలుగడుగులు నడవలేకపోయేదా?

పూలలోయ కథ కూడా మగవాళ్ళతోనే మొదలవుతుంది, పుస్తకాల్లో. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషాయన జట్టుతో వెళ్ళి 7,756 మీటర్ల కామెట్ శిఖరం ఎక్కాడు. అంతవరకు ఎవరూ ఎక్కని శిఖరం అది. తిరుగుదారిలో వానకూ, పొగమంచుకూ జడిసి ఒక లోయలోకి దిగితే, అడుగు తీసి అడుగు వేస్తే పూలు తొక్కాల్సినంతగా పూచి ఉన్నాయిట. శిఖరం ఎక్కిన గొప్ప కంటే ఆ లోయే మనసులో నిలిచిపోయిందేమో, 1937లో మళ్ళీ వచ్చాడు. ఈసారి డేరా వేసుకుని వారాల తరబడి ఉన్నాడు. మరుసటి ఏడాది 'పూలలోయ' అనే పేరుతోనే పుస్తకం రాశాడు. లోకానికి ఆ పేరు స్థిరపడింది అప్పుడే.

ఆయన లోయను కనిపెట్టాడని అంటారు గాని, అది ఒప్పుకోబుద్ధి కాదు. భ్యూందార్ గ్రామస్థులకూ, గొర్రెలు కాసేవాళ్ళకూ అది తరతరాలుగా తెలిసిన చోటే. వాళ్ళు పుస్తకం రాయలేదు, అంతే తేడా.

ఆ తర్వాత వచ్చింది మన కథానాయిక, జోన్ మార్గరెట్ లెగ్. ఇంగ్లండు మనిషి, మొక్కల మీద మక్కువ. 1939లో పూల నమూనాలు సేకరించడానికి వచ్చేనాటికి ఆవిడ వయసు యాభై నాలుగేళ్ళు! ఆ వయసులో మనం మోకాళ్ళకు తైలం రాసుకుంటూ ఉంటాం. ఆవిడ కూలీలను, డేరాలను వెంటబెట్టుకుని ఇంత ఎత్తుకు నడిచి వచ్చింది. జూలై 4వ తేదీన ఒక రాతి వాలు మీద పూలు కోస్తూ కాలు జారి పడిపోయింది. అక్కడే సమాధి చేశారు. తరువాత ఆవిడ తోబుట్టువు అంత దూరం వెతుక్కుంటూ వచ్చి, ఆ పూల మధ్య ఒక రాతిపలక పెట్టి వెళ్ళింది. ఆ చెల్లెలో, అక్కో, పలక పెట్టాక ఎంతసేపు కూర్చుని ఉంటుందో అనిపిస్తుంది నాకు.

లోయ 1982లో జాతీయ ఉద్యానవనం అయింది. ఆ మరుసటి ఏడు పశువుల మేతను నిషేధించారు. గొర్రెలు పోతే పూలకు ఇక అడ్డేముంది అనుకుంటాం. తీరా చూస్తే, మనిషెత్తు పెరిగే ఒక మొక్క విజృంభించి చిన్న చిన్న పూలమొక్కల్ని కప్పేయసాగింది! అటవీశాఖవాళ్ళు దాన్ని పీకించాల్సి వస్తోంది. గొర్రెలు మేసేయడం వల్లే అది ఇన్నాళ్ళూ అదుపులో ఉందని కొందరు శాస్త్రజ్ఞుల వాదం. కాదనేవాళ్ళూ ఉన్నారు. ఏమైనా, ఇంట్లో ఒక మనిషిని పనికిరాదని పంపేశాక గాని ఆ మనిషి చేసే పని తెలియదన్నట్టుంది. 2005లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఇక మా పథకానికి వస్తాను. మా మేనల్లుడు సెల్‌ఫోనులో చకచకా లెక్కవేసి, "లోయకు ఒక్క రోజు చాలు అత్తా, ఫొటోలు తీసుకుని వచ్చేయొచ్చు" అన్నాడు. వదిన వాడికేసి ఒక చూపు చూసింది. మేం కట్టిన లెక్క వేరు. రిషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు పగలంతా పడుతుంది. అక్కడ ఒక రోజు ఆగి ఊపిరి కుదుటపరచుకోవాలి. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, ఆపైన ఘాంఘరియా వరకు పదికిలోమీటర్ల ఎక్కుడు. అది 3,000 మీటర్ల పైమాటే. రాత్రి బస అక్కడే, ఎందుకంటే లోయలో రాత్రి ఉండనివ్వరు. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలి. గుర్రాలకూ ప్రవేశం లేదు. లోయకు మూడు రోజులు పెట్టుకున్నాం. ఒక రోజు వాన మింగేసినా రెండు మిగులుతాయి. పైగా చేతిలో మరో రెండు రోజులు. వానాకాలంలో కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోవడం అక్కడ మామూలే. 2013 జూన్ వరదల్లో ఆ దారీ, వంతెనలూ కొట్టుకుపోయాయి కూడా. తీరుబాటు అనేది విలాసం కాదు, ఆ కొండల్లో అదే జాగ్రత్త.

సంచిలో వానకోటు, రెండు జతల మేజోళ్ళు, ఉన్ని స్వెట్టరు, కరివేపాకు పొడి, చెగోడీలు. వదిన పట్టుచీర తీసి పక్కన పెట్టింది. "మోసేది మనమే" అంది.

ఘాంఘరియా దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి హేమకుండ్ సాహెబ్ గురుద్వారాకు. జనం బారులు తీరి పోయేది అటే. రెండోది పూలలోయకు. అటు వెళ్ళేవాళ్ళకు తీర్చుకోవలసిన మొక్కేదీ ఉండదు.

అందుకే అత్తయ్యగారితో నిజమే చెప్పాను. "దేవుడి కోసం కాదత్తయ్యా, పూలు చూడ్డానికి వెళ్తున్నాం" అన్నాను. ఆ ఇంగ్లీషావిడ సంగతి కూడా చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపారు. చాలాసేపు మాట్లాడలేదు. "అయ్యో, ఎక్కడి తల్లి, ఎక్కడ పోయింది! రెండు పూలు కోసి ఆవిడ దగ్గర పెట్టి రా" అన్నారు.

"అక్కడ పూలు కోయకూడదత్తయ్యా."

"అలాగా?" అని కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అయితే ఆ పక్కన కాసేపు ఊరికే కూర్చుని రా."